జ్వరమొస్తే కూలి పోవాల్సిందేనా? జీతంతో సిక్ లీవ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చాంద, బల్లార్షా, రాజురా, సిరొంచ, వణి, కిన్వట్, ధర్మాబాద్. మహారాష్ట్ర అంచున ఉన్న ఈ ఊళ్లలో హోటళ్లలో, జిన్నింగ్ (పత్తినుంచి గింజ తీసే) మిల్లుల్లో, గనుల దగ్గర, మార్కెట్ యార్డుల్లో పనిచేసే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలివి. ఇక్కడ కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి. సంతకం పెట్టమంటారు, అందులో ఏముందో చెప్పే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. పనివాళ్లను పెట్టుకున్నవాళ్ల ప్రశ్నలకూ కొన్ని జవాబులున్నాయి.

జీతంతో సిక్ లీవ్ అంటే ఏమిటి?

ఒంట్లో బాగాలేక పనికి రాని రోజుకు కూడా కూలి రావడం. ఆసుపత్రి ఖర్చు వేరు, ఇది వేరు. మందులు ఉచితంగా దొరికినా ఆ రోజు కూలి పోయిందంటే ఇంట్లో పొయ్యి మీదకు ఏం ఎక్కాలన్నది అలాగే మిగులుతుంది. ఈ రెండింటినీ కలిపేసి ఆలోచించడం వల్లే చాలామంది "నాకు కార్డు ఉంది కదా" అని నిశ్చింతగా ఉండిపోతారు.

నాకు జ్వరమొస్తే నా కూలి పోతుంది, సరే. ఊరికి దాంతో ఏం సంబంధం?

చాలా ఉంది. ఫ్లూ లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందునుంచే పక్కవాళ్లకు అంటుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు మరీ ఎక్కువ. సరిగ్గా అవే రోజుల్లో రోజుకూలీ మనిషి రెండు గోలీలు మింగి, ఒళ్లు కాలుతున్నా ఆటో ఎక్కి పనికి వెళ్తాడు. ఒక్క నాగా పెడితే వారం లెక్క తప్పుతుంది కాబట్టి. ఆటోలో ఎనిమిది మంది, పనిచోట ముప్పై మంది, ఇంటికొస్తే ముసలి తల్లి.

హోటల్ పనిలో ఇది ఇంకా పెద్ద సమస్య. వాంతులు, విరేచనాలు పట్టుకున్న మనిషి పిండి పిసికితే ఆ జబ్బు ప్లేట్లలోకి వెళ్తుంది. అమెరికాలో ఆహారం ద్వారా వచ్చే నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్) వ్యాప్తిలో సుమారు 70 శాతానికి మూలం జబ్బుతోనే పనికొచ్చిన వంటవాళ్లు, వడ్డించేవాళ్లు అని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2014లో చెప్పింది. వాంతులు, విరేచనాలు ఉన్నా గడిచిన ఏడాదిలో కనీసం ఒకసారి పనికి వెళ్లామని అక్కడి ఆహార కార్మికుల్లో ఐదుగురిలో ఒకరు ఒప్పుకున్నారు. అంత డబ్బున్న దేశంలోనే ఈ పరిస్థితి.

మన దగ్గర 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో అంటువ్యాధి ఉన్నవాళ్లు ఆహారం ముట్టుకోకూడదని, పనివాళ్లకు ఏటా వైద్య పరీక్ష చేయించాలని స్పష్టంగా ఉంది. చాలా హోటళ్ల గోడల మీద ఆ బోర్డు కూడా వేలాడుతుంటుంది. ఇంటికి పంపేసిన ఆ రోజు కూలి ఎవరిస్తారో మాత్రం అందులో లేదు. డబ్బు మాట లేని నిషేధాన్ని వంటమనిషి పాటించడు. పాటించలేడు. నోరు మూసుకుని పని చేసుకుంటాడు, సేటు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

గడ్చిరోలి వైపు ఉన్నది మరో సమస్య, మలేరియా. అది మనిషినుంచి మనిషికి నేరుగా అంటదు. కానీ ఒంట్లో ఆ క్రిమి ఉన్న మనిషి దోమతెర లేకుండా పనిచోట గుడిసెలో పడుకుంటే అక్కడి దోమలకు ఆ క్రిమిని ఇచ్చినట్టే. వైవాక్స్ రకానికి 14 రోజుల మందు ఉంటుంది. జ్వరం తగ్గగానే దాన్ని వదిలేసి పనికి పోతే కొన్ని వారాలకో నెలలకో మళ్లీ తిరగబెడుతుంది.

మహారాష్ట్ర చట్టంలో దుకాణాల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లకు సిక్ లీవ్ ఉందా?

ఆ పేరుతో లేదు. మహారాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 2017లో వచ్చింది. దాని ప్రకారం ఏడాదికి 8 రోజుల క్యాజువల్ లీవ్ జీతంతో ఇవ్వాలి. అది మూడు నెలలకోసారి కొంత కొంతగా ఖాతాలో పడుతుంది, ఏడాది చివరికి వాడకపోతే పోతుంది. జ్వరానికి వాడుకోగలిగింది ఇదే. 240 రోజులు పనిచేస్తే, 20 రోజుల పనికి ఒకటి చొప్పున ఆర్జిత సెలవు (ఎర్న్డ్ లీవ్) కూడా ఉంది.

ఈ చట్టాన్ని 2017లో రాసిందే పది మంది, ఆపైన పనివాళ్లున్న చోటు కోసం. 2025లో ఆ హద్దును ఇరవైకి పెంచారు. బల్లార్షా బస్టాండు ముందున్న టిఫిన్ బండికి, నలుగురు పనిచేసే కిరాణా కొట్టుకు అది మొదటినుంచీ వర్తించదు. ఎక్కువమంది తెలుగువాళ్లు పనిచేసేది అలాంటి చోట్లే. నా లెక్కలో ఈ చట్టంలోని అతిపెద్ద కన్నం అదే.

నా జీతంలోంచి ఈఎస్‌ఐ కోస్తున్నారు. జ్వరానికి డబ్బులు వస్తాయా?

వస్తాయి. చాలామంది క్లెయిమే చేయరు, అది వేరే కథ.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) 1948 చట్టంతో మొదలైంది. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. ఇన్నేళ్లుగా నడుస్తున్న లెక్క ఇదీ. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. 2019 జులై నుంచి మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపునుంచి 3.25 శాతం కడతారు. జబ్బు చేస్తే సగటు రోజు కూలిలో 70 శాతం చొప్పున, ఏడాదిలో 91 రోజుల వరకు నగదు ఇస్తారు.

షరతులు ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక చందా కాలం, అక్టోబర్ నుంచి మార్చి దాకా మరొకటి. ఒక చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటేనే దానికి సంబంధించిన ఆరు నెలల్లో నగదు వస్తుంది. ఏప్రిల్–సెప్టెంబర్ చందాకు తర్వాతి జనవరి–జూన్‌లో, అక్టోబర్–మార్చి చందాకు జులై–డిసెంబర్‌లో. కొత్తగా చేరినవాళ్లకు వైద్యం మొదటినుంచీ ఉంటుంది కానీ నగదు కోసం దాదాపు తొమ్మిది నెలలు ఆగాలి.

అందుకే ఠేకేదార్ (కాంట్రాక్టర్) మారినప్పుడల్లా కొత్త ఐపీ నంబర్ (మీ బీమా నంబర్) తీయించుకోవద్దు. ఆ నంబర్ జీవితాంతం ఒకటే. పాత నంబరే ఇవ్వండి, లేకపోతే మీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొందరు ఠేకేదార్లకు ఇది బాగా తెలుసు, అయినా చెప్పరు.

ఇంకొకటి, ప్రైవేటు డాక్టరు చీటీ మీద ఆధారపడవద్దు. ఈఎస్‌ఐ డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే పని సులువుగా అవుతుంది. జబ్బు చేసిన మొదటి రోజే వెళ్లి రాయించుకోండి. సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో మిమ్మల్ని పనిలోంచి తీసేయడం, శిక్షించడం కుదరదని 1948 చట్టంలోని 73వ సెక్షన్ చెప్పింది. ఈఎస్‌ఐ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-2526.

ఐదు రోజుల జ్వరానికి చేతికి ఎంత వస్తుంది?

రోజు కూలి 400 అనుకుందాం. ఐదు రోజులు పోతే నష్టం 2,000. ఈఎస్‌ఐలో మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. మిగతా మూడు రోజులకు 280 చొప్పున 840. పదిహేను రోజుల్లోపు మళ్లీ పడకేస్తేనే ఆ రెండు రోజుల కోత ఉండదు.

ఈ రెండు రోజుల కోత గురించి ఎవరూ మాట్లాడరు. దొంగ క్లెయిములు ఆపడానికి, చిన్నాచితకా జ్వరాలకు కాగితాల పని తగ్గించడానికి పెట్టారు. బీమా నడిపేవాళ్ల వైపునుంచి చూస్తే అర్థం చేసుకోదగ్గదే. కానీ ఫ్లూ ఎక్కువగా అంటించేది ఆ రెండు రోజుల్లోనే. మనిషి ఇంట్లో ఉండాల్సిన అవసరం ఎక్కువున్న రోజుల్లో డబ్బు సున్నా, కోలుకుంటున్న రోజుల్లో 70 శాతం. ప్రజారోగ్యం వైపునుంచి చూస్తే ఇది తలకిందులుగా ఉంది. ఏ కొత్త పథకం తెచ్చినా, ఏ సంఘం డిమాండ్ పెట్టినా మొదట ఈ రెండు రోజుల సంగతి తేల్చాలని నేనంటాను.

నేను వణిలో జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. మాకు ఈఎస్‌ఐ కట్టరు. అది తప్పు కాదా?

చాలావరకు చట్టప్రకారమే కట్టరు. సీజన్ ఫ్యాక్టరీలను ఈఎస్‌ఐ బయట పెట్టింది. పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్, చక్కెర, బెల్లం, వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులు ఆ జాబితాలో పేర్లతో సహా ఉన్నాయి. కొత్త కోడ్‌లోనూ సీజన్ ఫ్యాక్టరీకి మినహాయింపు ఉంది. వణి, పాండర్‌కవ్డా, రాజురా వైపు పత్తి మీద బతికే కూలీలు ఈ ఒక్క వాక్యంతో మొత్తంగా బయటపడ్డారు. పత్తి నూగు పీల్చి దగ్గే పని అది, గమనించండి.

కొత్త వృత్తి భద్రత కోడ్‌లో ఏడాదిలో 180 రోజులు పనిచేసినవాళ్లకు 20 రోజులకు ఒకటి చొప్పున జీతంతో సెలవు ఉంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో 240 రోజులుండేది, కాబట్టి ఇది మెరుగే. కానీ లెక్క జనవరినుంచి డిసెంబర్‌కు. పత్తి సీజన్ చలికాలంలో మొదలై ఎండాకాలం దాకా, రెండు క్యాలెండర్ సంవత్సరాల మధ్య చీలిపోతుంది. చాలామందికి ఏ ఏడాదిలోనూ 180 నిండడం కష్టం. మిల్లు ఏడాది పొడవునా నడిచే నూనె మిల్లుతో కలిసి ఉంటే మాత్రం అడగండి. అప్పుడు అది నిజంగా సీజన్ ఫ్యాక్టరీయేనా అన్నది తేల్చాల్సిన విషయం.

బొగ్గు గనిలో కాంట్రాక్టు పనికి?

పర్మినెంట్ కార్మికుడికి వేతన ఒప్పందం ప్రకారం జీతంతో సిక్ లీవ్ ఉంది, కంపెనీ ఆసుపత్రి ఉంది. అదే గనిలో మట్టి తీసే కంపెనీ కింద డంపర్ నడిపే కుర్రాడికి ఆ ఒప్పందంలోని సిక్ లీవ్ చేరదు. 1948 ఈఎస్‌ఐ చట్టం గనులను ఫ్యాక్టరీ నిర్వచనంలోంచి బయట పెట్టడంతో ఆ తలుపూ మూసుకుంది. కొత్త సామాజిక భద్రత కోడ్‌లో సంస్థ అన్న మాట కిందకు గని కూడా వచ్చింది. కాబట్టి మీ కాంట్రాక్టర్ ఈఎస్‌ఐ రిజిస్ట్రేషన్ చేశాడా అని ఇప్పుడు రాతపూర్వకంగా అడగడంలో అర్థముంది.

సిరొంచ నుంచి మిర్చి ఏరడానికి ములుగు, భూపాలపల్లి, ఖమ్మం వైపు పోతాం. అక్కడ జరం వస్తే?

కూలి రాదు. కిలో లెక్కన పని కాబట్టి చెయ్యి ఆగితే లెక్క ఆగుతుంది. ముకద్దం (కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ) దగ్గర తీసుకున్న అడ్వాన్సు మాత్రం ఆగదు. అందుకే మిర్చి చేలల్లో జ్వరంతో కూడా వంగి ఏరుతుంటారు.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఠేకేదారే ఉచిత వైద్య సౌకర్యం కల్పించాలని చెప్పింది. అదిప్పుడు వృత్తి భద్రత కోడ్‌లో కలిసింది. జ్వరం రోజుల కూలి మాట 1979 చట్టంలోనే లేదు. మిర్చి రైతును తప్పుపట్టి కూడా లాభం లేదు. ఐదెకరాలు కౌలుకు చేసే మనిషి ఇరవై మందికి సిక్ లీవ్ జీతం ఎక్కణ్నుంచి తెస్తాడు? ఇలాంటి చోట డబ్బు ప్రభుత్వం వైపునుంచో, ఏదైనా సంక్షేమ నిధినుంచో రావాలి తప్ప వేరే దారి నాకు కనపడదు.

అప్పటిదాకా చేయగలిగింది కొంత ఉంది. బయల్దేరే ముందే ముకద్దంతో రెండు మాటలు తేల్చుకోండి: జబ్బు పడితే తిండి, మందు ఎవరిది? ఆ రోజులకు అడ్వాన్సు మీద పెనాల్టీ ఉంటుందా? నలుగురి ముందు మాట తీసుకోండి. దోమతెర మూటలో పెట్టుకోండి. జ్వరం వచ్చిన రోజే దగ్గర్లోని పీహెచ్‌సీలో గానీ ఆశా వర్కర్ దగ్గర గానీ రక్తపరీక్ష చేయించుకోండి, అక్కడ మహారాష్ట్ర వాళ్లా తెలంగాణ వాళ్లా అని చూడరు. వచ్చింది గడ్చిరోలి నుంచి అని తప్పకుండా చెప్పండి. అప్పుడే వాళ్లకు ముందుగా మలేరియా గుర్తొస్తుంది.

మహారాష్ట్ర రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ నడవదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే రాష్ట్రం దాటినా పథకంలో ఉన్న ఆసుపత్రిలో పనికొస్తుంది.

ఈ-శ్రమ్ కార్డు, ఆయుష్మాన్ కార్డు రెండూ ఉన్నాయి. వీటిలో జబ్బు రోజుల కూలి లేదా?

లేదు. ఈ-శ్రమ్ 2021 ఆగస్టులో మొదలైన అసంఘటిత కార్మికుల నమోదు మాత్రమే. ఆయుష్మాన్, మహాత్మా ఫులే పథకాలు ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకు.

మార్కెట్ యార్డు హమాలీలకు?

మహారాష్ట్రలో ఇది మిగతావాళ్ల కంటే మెరుగు. 1969 మాథాడీ (బరువులు మోసే హమాలీల) చట్టం కింద బోర్డులో పేరున్న హమాలీకి కూలి మీద వ్యాపారులనుంచి లెవీ వసూలు చేసి పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవు జీతం లాంటివి బోర్డే నడుపుతుంది. యజమాని ఒక్కడు కాని చోట కూడా సెలవు జీతం ఇవ్వొచ్చని యాభై ఏళ్ల కిందటే చేసి చూపించిన పద్ధతి ఇది. మిర్చి కూలీలకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఇలాంటిదే ఎందుకు పెట్టరో అడగాల్సిన ప్రశ్న. ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌లో గానీ మరెక్కడైనా గానీ మీ పేరు బోర్డులో నమోదైందో లేదో ముందు చూసుకోండి.

టీబీ అని తేలింది. ఎన్నాళ్లు పని మానాలి, ఎలా బతకాలి?

మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. సరైన మందు మొదలయ్యాక రెండు మూడు వారాల్లో ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గుతుంది. ఎప్పుడు పనికి వెళ్లొచ్చో డాక్టరే చెప్పాలి. మందులు ప్రభుత్వ దవాఖానలో ఉచితం. నిక్షయ్ పోషణ యోజన కింద నెలకు 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. బ్యాంకు ఖాతాలో పడుతుంది, పడకపోతే 1800-11-6666కు ఫోన్ చేయండి.

ఆరు నెలలకు కలిపి 6,000. రోజుకు 400 కూలి లెక్కన పదిహేను రోజుల సంపాదన. అది తిండికి సాయమే, కూలికి బదులు కాదు. ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లకు పరిస్థితి చాలా నయం. టీబీ, కుష్ఠు వంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు కూలిలో 80 శాతం, మొత్తం మీద రెండేళ్ల దాకా ఇస్తారు. దానికి రెండేళ్లు వరుసగా ఉద్యోగంలో ఉండాలి, నాలుగు చందా కాలాల్లో 156 రోజులకు చందా కట్టి ఉండాలి. ఠేకేదార్ మధ్యలో పేరు తీసేస్తే పోయేది ఇదే.

పిల్లకు జ్వరమొచ్చి నేను ఆగిపోతే?

ఈఎస్‌ఐ నగదు మీ జబ్బుకే, పిల్లల జబ్బుకు కాదు. దుకాణంలో ఉన్న 8 రోజుల క్యాజువల్ లీవ్ అయితే దీనికీ వాడుకోవచ్చు. అసలు సమస్య ఎవరి మీద పడుతుందో తెలిసిందే. పిల్లకు ఒళ్లు వెచ్చబడితే నాగా పెట్టేది తల్లి, తండ్రి కాదు. జ్వరంతో ఉన్న పిల్లను మందు పట్టించి అంగన్‌వాడీకి పంపేది కూడా అందుకే.

(ఓనర్ ప్రశ్న) కూలి ఇస్తామంటే రోజూ ఎవడో ఒకడు జ్వరమంటాడు. ఎలా నమ్మాలి?

కొందరు అంటారు. కాదనను. కానీ అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2007లో ఇలాంటి చట్టం అమల్లోకి తెచ్చాక సర్వే చేస్తే, ఏడాదికి ఐదు లేదా తొమ్మిది రోజులు ఉన్నా సాధారణంగా వాడుకున్నది మూడే, నాలుగో వంతు మంది ఒక్కటీ వాడలేదని తేలింది. రేపు ఇంకా పెద్ద జబ్బు వస్తే పనికొస్తుందని దాచుకుంటారు. మన మనుషులూ అంతే చేస్తారు.

రెండు మూడు రోజుల జ్వరానికి డాక్టర్ చీటీ అడగకండి. చీటీ కోసం వాడు క్లినిక్‌లో రెండు వందలు పోస్తాడు, అక్కడి క్యూలో మరో నలుగురికి అంటిస్తాడు. ఏడాదికి ఐదు రోజులు అని గీత గీయండి, దాటితే చీటీ అడగండి.

(ఓనర్ ప్రశ్న) నా ఖర్చు ఎంత పెరుగుతుంది?

రోజుకు 400 చొప్పున ఏడాదికి 300 రోజులంటే మీరు ఇచ్చే కూలి 1,20,000. ఐదు రోజుల సిక్ లీవ్ అంటే 2,000. నూటికి రూపాయి డెబ్బై పైసల లోపు. అదీ అందరూ అన్నీ వాడితే.

బయటి దేశాల్లో ఎలా ఉంది?

జర్మనీ 1883లోనే కార్మికులకు జబ్బు బీమా పెట్టింది. అప్పట్లో సగం కూలి, 13 వారాలు. ఇప్పుడు అక్కడ యజమాని ఆరు వారాలు పూర్తి జీతం ఇవ్వాలి, ఆ తర్వాత బీమా సంస్థ చూసుకుంటుంది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. 1993 చట్టం ఇచ్చేది 12 వారాల జీతం లేని సెలవు. 2011లో కనెక్టికట్ మొదటి రాష్ట్రంగా చట్టం చేసింది. 2020లో కోవిడ్ కోసం రెండు వారాల జీతంతో సెలవును తాత్కాలికంగా తెచ్చారు, ఏడాది చివరికి ఆ నిబంధన ముగిసింది. ఆ కొన్ని నెలల్లోనే, కొత్తగా ఆ సెలవు అందిన రాష్ట్రాల్లో రాష్ట్రానికి రోజుకు సుమారు 400 కేసులు తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు.

ఇంటి పనికి వచ్చే ఆమెకు మేమే యజమానులం. చట్టం ఏం చెబుతుంది?

ఆమె జ్వరం రోజులకు జీతం ఇవ్వాలని మిమ్మల్ని కట్టడి చేసే చట్టం లేదు. కాబట్టి నిర్ణయం మీదే. నెల జీతంలోంచి జ్వరం రోజులు కోయకండి, ఆ మాట పనిలో పెట్టుకునే రోజే చెప్పండి. తర్వాత చెబితే దయగా ఇచ్చినట్టుంటుంది, మళ్లీ అడగడానికి ఆమె వెనకాడుతుంది. విరేచనాలు ఉంటే ఆగిపోయాక కూడా రెండు రోజులు వంటగదిలోకి రావద్దనండి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టేదాకా. ఆమె రానన్నాళ్లు అంట్లు మీరే తోముకోవాలి, వేరే మనిషిని పెట్టి ఆ డబ్బు ఆమె జీతంలోంచి కోస్తే ఇదంతా దండగ.